వేయించిన నూనె సింకులోకా, సబ్బులోకా?

రంజాన్ నెల సగం గడిచేసరికి మా ఇంట్లో సింకు కింద పైపు పూర్తిగా జామ్ అయిపోయింది. ప్లంబర్ విప్పి చూస్తే లోపల మైనంలా గడ్డకట్టిన జిడ్డు. పాయా గిన్నెల కొవ్వు, దానికి తోడు పకోడీలు, సమోసాలు వేయించిన నూనె. అమ్మీ ఆ నూనెను రెండుసార్లు, మూడుసార్లు వాడి, నల్లబడ్డాక సింకులో పోసేది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే.

అసలు భయపడాల్సింది పైపు గురించి కాదు, ఆ రెండోసారి, మూడోసారి గురించి. నూనె మరిగిన ప్రతిసారీ కొంత విరిగిపోయి, పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు అందులో పెరుగుతూ పోతాయి. అవి 25 శాతం దాటిన నూనె వంటకు పనికిరాదని ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది ఆగస్టులో వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే 'రూకో' కార్యక్రమం మొదలైంది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే వ్యాపారులు దాని లెక్క రాసి పెట్టాలి. బాగుంది. మరి ఇంట్లో మిగిలే అర లీటరు సంగతేంటి? వీధి చివర మిర్చి బండి మూకుడు సంగతేంటి?

ఇంటి నూనెకు ఉన్న మంచి దారి సబ్బు. ఇదేం కొత్త విద్య కాదు. నూనె, క్షారం, నీళ్లు కలిస్తే సబ్బు, గ్లిజరిన్ తయారవుతాయి. అంతే. పాలస్తీనాలోని నాబ్లుస్ ఊళ్లో ఆలివ్ నూనెతో తరతరాలుగా ఇలాగే చేస్తున్నారు. 2024లో యునెస్కో ఆ విద్యను తన వారసత్వ జాబితాలో చేర్చింది. పాత రోజుల్లో వాళ్లు క్షారాన్ని మొక్కల బూడిద నుంచి తీసేవాళ్లు. మన నానీలు జిడ్డు గిన్నెలను పొయ్యి బూడిదతో తోమేవారు కదా, అందులోనూ కొంత ఇదే పని జరుగుతుంది. బూడిదలోని క్షారం జిడ్డును పట్టి కాస్త సబ్బుగా మారుస్తుంది.

ఇప్పుడు బూడిద బదులు కాస్టిక్ సోడా వాడతాం. ప్రమాదం ఉన్నది ఇక్కడే. చర్మం మీద పడితే కాల్చేస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. పిల్లలు ఇంట్లో తిరుగుతున్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. కిటికీలు తెరిచి ఉంచాలి. స్టీలు గిన్నె వాడాలి, అల్యూమినియం అస్సలు వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. డ్రైనేజీ పైపుల కోసం అమ్మే పౌడర్లూ వద్దు, వాటిలో వేరే పదార్థాలు కలుస్తాయి. ఒంటి మీద పడితే నిమ్మకాయ, వెనిగర్ అంటూ వెతక్కుండా కనీసం 20 నిమిషాలు పారే నీళ్ల కింద కడగాలి. కంట్లో పడితే అలా కడిగిన వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

కొలత ఇది: వడగట్టిన సన్‌ఫ్లవర్ నూనె ఒక కిలో, కాస్టిక్ సోడా 128 గ్రాములు, నీళ్లు 300 గ్రాములు. పామాయిల్‌కూ ఈ కొలత పనికొస్తుంది. ముందుగా నూనెలో కాసిన్ని నీళ్లు పోసి మరిగించి, చల్లారాక పైన తేలిన నూనె మాత్రమే తీసుకుంటే ఉప్పు, మసాలా అడుగున నీళ్లతో పోతాయి. తర్వాత సోడాను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది. కలిపిన నీళ్లు పొగలు కక్కేంత వేడెక్కుతాయి. అవి చల్లారాక నూనెలో పోసి, దోసెల పిండిలా చిక్కబడే దాకా తిప్పాలి. సన్‌ఫ్లవర్ నూనె తొందరగా చిక్కబడదు, చేత్తో అయితే గంట పైనే పట్టొచ్చు. ప్లాస్టిక్ డబ్బాలో పోసి, రెండు రోజులకు గ్లౌజులతోనే ముక్కలు కోసి, నాలుగు నుంచి ఆరు వారాలు గాలికి ఆరనివ్వాలి.

మొదటిసారి నేను చేసిన తప్పు చెప్తాను. బీకామ్ చదివినవాడిని, లెక్కలో పొరపాటు రాదనుకున్నా. లీటరు నూనె అంటే కిలో అనుకుని 128 గ్రాములు వేసేశాను. లీటరు నూనె బరువు 910 గ్రాములే. దానికి పూర్తిగా సరిపోయే సోడా 123 గ్రాముల దగ్గరే. తేడా 5 గ్రాములు. ఆ 5 గ్రాములు నూనెతో కలవకుండా సబ్బులోనే ఉండిపోయాయి. రెండు రోజులు గిన్నెలు తోమాక అమ్మీ అరచేతులు ఎర్రగా మండి, చర్మం లేచింది. ఆ ముక్కలన్నీ పారేశాం. అందుకే గ్లాసులతో, లీటర్లతో వద్దు. ఒక గ్రాము తేడా కూడా చూపించే డిజిటల్ కాటా లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి. కొలత సరిగ్గా ఉంటే కొంత నూనె సబ్బుగా మారకుండా మిగిలిపోతుంది, చేతులను కాపాడేది అదే.

కిలో నూనెకు వంద గ్రాముల ముక్కలు దాదాపు 12 వస్తాయి. నూనె ఎలాగూ పారబోసేదే కాబట్టి ఖర్చంతా సోడాదే. కానీ ఇది ముఖానికి, ఒంటికి రాసుకునే సబ్బు కాదు. పకోడీ వాసన కొంచెం ఉండనే ఉంటుంది. గిన్నెలకు, తుడిచే గుడ్డలకు, ఫ్లోర్‌కు బాగా పనిచేస్తుంది. బోరు నీళ్లలో మాత్రం నురగ తగ్గి తెల్లని తెట్టు కడుతుంది. ఆ నీళ్లలో ముందే చెంచాడు చాకలి సోడా కలిపితే నయం.

వీడియోల్లో అరటి తొక్కతో సంచులు, పిండితో ప్లాస్టిక్ అని చాలా చూపిస్తారు. ఇంట్లో చేసిన పిండి ప్లాస్టిక్ నీళ్లు తగిలితే మెత్తబడుతుంది, దాంతో సంచి మోయలేం. బత్తాయి తొక్కల క్లీనర్ మాత్రం తేలికే. బెల్లం ఒక వంతు, తొక్కలు మూడు వంతులు, నీళ్లు పది వంతులు కలిపి మూడు నెలలు పులియబెట్టాలి. గాజు సీసా వద్దు. మొదటి నెల రోజూ మూత వదులు చేయకపోతే గ్యాస్ నిండి పేలుతుంది.

మా వంటింట్లో ఇప్పుడు పాత నూనెకు ఒక స్టీలు డబ్బా ఉంది. అందులో కిలో నూనె చేరడానికి రంజాన్‌లో పది రోజులు, మామూలు రోజుల్లో రెండు నెలలు పడుతోంది. కాటా మీద బరువు చూసేది ఇప్పుడు నేను కాదు, అమ్మీ.