స్విచ్ ఆపినా బోర్డులో కరెంటు ఎందుకుంటుంది?

గోడ మీదో స్విచ్. దాని లైటు ఎప్పుడో తీసేశారు. ఇంకెందుకది, పీకేస్తే పోలేదా? ఆగండి!

స్విచ్ వెనక రెండు తీగలుంటాయి. ఒకటి కరెంటు తెచ్చే ఫేజు, రెండోది లైటుకు వెళ్లేది. స్విచ్ ఆపితే రెండోదానికే కరెంటు ఆగుతుంది. ఫేజులో 230 వోల్టులు అలాగే ఉంటాయి, తూము మూసినా కాలువ ఎగువన నీళ్లున్నట్టు. అందుకే ఇది ఎలక్ట్రీషియన్ పని. మీరు దూరంగా నిలబడి చూడండి, చాలు.

ఆయన ముందు కరెంటున్న ప్లగ్గులో టెస్టర్ పెట్టి, అది వెలుగుతోందో లేదో చూసుకుంటాడు. చెడిపోయిన టెస్టర్‌ను నమ్మితే ప్రాణం మీదికొస్తుంది. తర్వాత మెయిన్ ఆపి, బోర్డు విప్పి, ప్రతి తీగనూ పరీక్షిస్తాడు. ఇన్వర్టరుంటే దాన్నీ ఆపాలి. మెయిన్ పోగానే కరెంటిచ్చేది అదే మరి!

ఇంకో చిక్కుంది. చాలా బోర్డుల్లో ఫేజు తీగ ఒక స్విచ్ నుంచి పక్కదానికి ముక్కలుగా సాగుతుంది. మధ్యలోది తీసేస్తే పక్క స్విచ్‌తో తిరిగే ఫ్యానూ ఆగిపోవచ్చు. కాబట్టి ఆ ముక్కల్ని కనెక్టర్‌తో కలుపుతాడు. లైటు తీగను రెండో కొస దగ్గర కూడా వేరుచేసి, కొసల్ని విడిగా మూసేస్తాడు. ఖాళీ చోట డమ్మీ ప్లేటు బిగిస్తాడు. లేకపోతే ఆ కంతలో చిన్నపిల్లల వేళ్లు దూరతాయి, బల్లులూ దూరతాయి.