ఘనపరిమాణం నుంచి బరువు: తూచకుండా లెక్కకట్టడం

లక్ష్యాలు
ఈ భాగం చదివిన తరవాత మీరు:
• కొలతలను బట్టి ఒక పదార్థం బరువును అంచనా వేయగలుగుతారు.
• సాంద్రతకూ, స్థూల సాంద్రతకూ గల తేడాను వివరించగలుగుతారు.

1.1 పరిచయం
మెదక్ చర్చిని మీలో చాలామంది చూసే ఉంటారు. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన ఈ కట్టడం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. అలాంటి కట్టడంలోని రాతి స్తంభాన్ని త్రాసులో పెట్టి తూచలేం. కాని టేపుతో కొలవగలం. ఆ కొలతలకు రాయి సాంద్రత తోడైతే బరువు తెలుస్తుంది.

1.2 సూత్రం
బరువు = ఘనపరిమాణం × సాంద్రత

నిజానికి ఇలా వచ్చేది ద్రవ్యరాశి. వ్యవహారంలో కిలోలను బరువనే అంటాం కనుక ఇక్కడా ఆ మాటే వాడుతున్నాం.

ఒక ఘనపు మీటరు నీరు 1000 కిలోలు, గ్రానైట్ సుమారు 2700, ఉక్కు 7850, ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు 2500 కిలోలు ఉంటాయి. మన మేస్త్రీలు అడుగుల్లో కొలుస్తారు. 1 ఘనపు అడుగు = 0.0283 ఘనపు మీటరు. అంటే ఘనపు అడుగు గ్రానైట్ సుమారు 76 కిలోలు.

1.3 గట్టి పదార్థాలు
ఉదాహరణ 1: 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అంగుళాల మందం గల గ్రానైట్ బండను ఇద్దరు మోయవచ్చా?

సాధన: 2 అంగుళాలు = 2/12 అడుగు.
ఘనపరిమాణం = 6 × 2 × 2/12 = 2 ఘనపు అడుగులు.
బరువు = 2 × 76 = 152 కిలోలు.

ఇద్దరే పట్టుకుంటే తలా 76 కిలోలు. ఇది నడుముకు ప్రమాదం. కనీసం నలుగురు కావాలి. అంగుళాలను అడుగుల్లోకి మార్చకుండా 6 × 2 × 2 అని గుణిస్తే జవాబు 12 రెట్లు పెరిగిపోతుంది. విద్యార్థులు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

1.4 కుప్పపోసిన పదార్థాలు
ఇసుక రేణువు సాంద్రత సుమారు 2650. కాని కుప్పలో రేణువుల మధ్య గాలి ఉంటుంది. ఆ ఖాళీలను కూడా కలుపుకొని లెక్కించేదే స్థూల సాంద్రత. పొడి ఇసుకకు ఇది సుమారు 1600.

ఉదాహరణ 2: 100 ఘనపు అడుగుల పొడి ఇసుక బరువెంత?

సాధన: 2.83 × 1600 = 4528 కిలోలు, అంటే సుమారు 4.5 టన్నులు.

పొరపాటున 2650 వాడితే 7.5 టన్నులు వస్తుంది. మూడు టన్నుల తేడా!

మరో జాగ్రత్త. కొద్దిగా తడిసిన ఇసుక ఉబ్బుతుంది. రేణువుల చుట్టూ ఏర్పడే నీటిపొర వాటిని దూరం జరుపుతుంది. ఉబ్బు 25 శాతం ఉందనుకోండి. కొలతకు 100 ఘనపు అడుగులు ఉన్నా, అందులోని ఇసుక పొడిగా ఉన్నప్పుడు 80 ఘనపు అడుగులే. మిగతా 20కి మీరు ఊరికే డబ్బు కట్టినట్లే. తూచి కొన్నా తడి ఇసుకలో నీటి బరువు కలుస్తుంది. అందుకే కొనేముందు గుప్పెడు ఇసుక పిడికిట పట్టి చూడండి. ముద్ద కడితే తడి ఉన్నట్లు.

1.5 సారాంశం
ముందు ప్రమాణాలు ఒకటి చేయండి. పదార్థం గట్టిదా, కుప్పపోసినదా చూడండి. తగిన సాంద్రతతో గుణించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. మిద్దె మీది 1000 లీటర్ల ట్యాంకు నిండితే అందులోని నీటి బరువెంత?
2. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 5 అంగుళాల మందంతో స్లాబు వేస్తే, గట్టిపడేవరకు సెంట్రింగ్ మోయవలసిన కాంక్రీటు బరువెంత?

జవాబులు: 1. ఒక టన్ను. 2. సుమారు 2.9 టన్నులు.