తాతగారి ట్రాన్సిస్టర్‌... మళ్లీ మోగాలంటే!

అటక మీదో, బీరువా పైనో... తోలు తొడుగులో దుమ్ముపట్టిన ఓ ట్రాన్సిస్టర్‌ ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. పొద్దున్నే వార్తలు, ఆదివారం నాటకం, పొలం గట్టున క్రికెట్‌ కామెంటరీ... ఒకప్పుడు అన్నీ దాంట్లోనే. పాత సామాన్లవాడికి ఇవ్వడానికి మనసొప్పదు. మోగించి చూద్దామంటే భయం. ఇప్పటి బ్యాటరీలు వేస్తే ఏమవుతుందో!

ఏమీ కాదు, నిక్షేపంగా వేయొచ్చు. అయితే ముందు వెనక మూత తీసి చూడాలి.

లోపలే ఉంది శత్రువు

పాత రేడియోలను ఎక్కువగా పాడుచేసింది వయసు కాదు, తీయడం మరిచిపోయిన సెల్లు. అప్పటి జింక్‌ కార్బన్‌ సెల్లులో బయటి జింకు డబ్బాయే ఒక ధ్రువం. కరెంటు ఇస్తున్నకొద్దీ ఆ డబ్బా అరిగిపోతుంది. చివరికి చిల్లుపడి లోపలి రసాయనం కారుతుంది. స్ప్రింగులనూ రేకులనూ తినేస్తుంది. పొడి పేరుకుని ఉంటే వంటసోడా నీళ్లలో దూదిపుల్ల ముంచి, పిండి, మెల్లగా తుడవాలి. కారింది ఆల్కలైన్‌ సెల్లయితే సోడా కాదు, నిమ్మరసం వాడాలి. అందులో ఉండేది క్షారం మరి. చేతులకు తొడుగులు తప్పనిసరి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు. పూర్తిగా ఆరాకే సెల్లు వేయాలి.

లెక్క 1.5 దగ్గరే

నాటి పెద్ద సెల్లు 1.5 వోల్టులు. నేటి ఆల్కలైన్‌ సెల్లూ అంతే. నాలుగు సెల్లు పట్టే సెట్టుకు 6 వోల్టులు, ఆరు పట్టేదానికి 9. కాబట్టి ఆల్కలైన్‌ వేస్తే చిక్కే లేదు. చార్జింగ్‌ చేసుకునే నికెల్‌ మెటల్‌ హైడ్రైడ్‌ సెల్లు మాత్రం 1.2 వోల్టులే. నాలుగు కలిపితే 4.8. చాలదేమో అనిపిస్తుంది కానీ, చాలా సెట్లకు చాలు. సెల్లు నీరసించి వోల్టేజీ తగ్గినా పాడేలాగే వాటిని తయారుచేశారు. వాడేసిన సెల్లు ఎండలో పెట్టి మళ్లీ వేసుకున్న రోజులు గుర్తున్నాయిగా! వేడికి లోపలి రసాయన చర్య కాస్త చురుకై, మరో పూట పాడేవి. పైగా ఈ సెల్లు దాదాపు చివరిదాకా ఆ 1.2నే నిలబెడతాయి.

గోడ గడియారంలో వేసే చిన్న సెల్లును పెద్ద సెల్లు గూట్లో కూర్చోబెట్టే ప్లాస్టిక్‌ తొడుగులు దొరుకుతున్నాయి. 2000 మిల్లీ యాంపియర్‌ అవర్ల సెల్లు వేశారనుకుందాం. సెట్టు 30 మిల్లీ యాంపియర్లు తీసుకుంటే 60 గంటలకు పైనే పాడుతుంది. 2005లో శానియో తెచ్చిన ఎనెలూప్‌ తరహావి కొంటే మేలు. వాడకుండా నెలలు గడిచినా చార్జింగ్‌ పెద్దగా తగ్గదు.

అసలు తొలి వాణిజ్య ట్రాన్సిస్టర్‌ రేడియో... 1954లో అమెరికాలో వచ్చిన రీజెన్సీ టీఆర్‌-1 బ్యాటరీ 22.5 వోల్టులు! దానికిప్పుడు రెండు 9 వోల్టుల బ్యాటరీలు, మూడు మామూలు సెల్లు వరసగా కలిపితే లెక్క సరిపోతుంది. మన సెట్లకు అంత తిప్పలు లేదు.

గరగరమంటే...

యూఎస్‌బీ తీగతో చార్జింగ్‌ చేసే 1.5 వోల్టుల లిథియం సెల్లు చూడముచ్చటగా ఉంటాయి. రేడియోకి మాత్రం పడవు. లిథియం సెల్లు అసలు వోల్టేజీ 3.7. దాన్ని 1.5కి దించే బుల్లి సర్క్యూట్‌ లోపలే ఉంటుంది. అది పుట్టించే అలజడి మీడియం వేవ్‌లో గరగరమని వినిపిస్తుంది. సెల్‌ఫోన్‌ చార్జరు పక్కన పెట్టినా ఇదే గోల. మొత్తం 6 వోల్టులు కావాల్సిన చోట 3.7 వోల్టుల సెల్లు నాలుగు వేస్తే మాత్రం గోల కాదు, సెట్టే పోతుంది.

ప్లస్‌, మైనస్‌ తారుమారైనా ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చు. వైర్ల రంగుల్ని నమ్మకుండా గూట్లోని గుర్తులే చూడాలి. అన్నీ సరిగా వేసినా గొంతు పెగలకపోతే కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు, అది మెకానిక్‌ పని. గొంతు వచ్చి స్టేషను అందకపోతే మాత్రం సెట్టునే అటూ ఇటూ తిప్పి చూడండి. మీడియం వేవ్‌ ఏరియల్‌ లోపలి ఫెర్రైట్‌ కడ్డీయే. అది స్టేషను దిక్కుకు అడ్డంగా తిరిగినప్పుడే బాగా పలుకుతుంది.