కడలిలో దాచిన పాపం

జపాను దేశంలో క్యూషూ అనే ద్వీపం ఉంది. ఆ తీరంలో ఒక చిన్న పట్నం మినమాటా. 1950 తర్వాతి సంవత్సరాల్లో అక్కడి జాలరులు ఒక వింత చూశారు. పిల్లులు తూలుతూ, గిరగిర తిరుగుతూ, సముద్రంలో పడి చనిపోతున్నాయి.

తర్వాత మనుషుల వంతు వచ్చింది. 1956 ఏప్రిల్‌లో ఆరేళ్లు నిండని ఒక పాపను ఊళ్లోని ఫ్యాక్టరీ ఆసుపత్రికి తెచ్చారు. నడక తడబడుతోంది, మాట రావడం లేదు. కొద్ది రోజులకే చెల్లెలికీ అదే జబ్బు. ఆసుపత్రి పెద్ద డాక్టరు హజిమే హొసొకావా మే 1న ఆరోగ్య శాఖకు ఈ సంగతి తెలియజేశారు. అది అంటురోగమని భయపడి ఇరుగుపొరుగువారు రోగుల గడప తొక్కడం మానేశారు.

అది అంటురోగం కాదు, విషం. చిస్సో అనే ఆ ఫ్యాక్టరీ 1932 నుండి ఒక రసాయనం తయారీలో పాదరసం వాడి, మురుగునీటిని సముద్రంలోకి వదిలేది. పాదరసం, సీసం వంటి బరువైన లోహాలు ఆకులా అలములా కుళ్లి మాయమైపోవు. అవి అడుగు బురదలో పేరుకుంటాయి. పాదరసపు విషం పురుగు నుండి చిన్న చేపకు, చిన్న చేప నుండి పెద్ద చేపకు చేరుతూ అంతకంతకు చిక్కబడింది. చూస్తే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి, చేప చేపలాగే ఉంది.

మన గుండెను కోసేది తల్లుల సంగతి. తల్లి తిన్న విషం మాయను దాటి కడుపులోని బిడ్డను చేరింది. తల్లి బాగానే కనబడేది, బిడ్డ మాత్రం మెదడు దెబ్బతిని పుట్టేది. కడుపులో బిడ్డకు బలమనే గదా ఆ తల్లి చేప తిన్నది!

1959లో డాక్టరుగారు ఆ మురుగునీరు కలిపిన తిండిని ఒక పిల్లికి పెట్టి చూశారు. దాని నంబరు 400. దానికీ అదే రోగం వచ్చింది. యాజమాన్యం ఆ నిజాన్ని బయటికి రానివ్వలేదు. డాక్టరుగారు మౌనం వహించారు. ఆ విషపు నీరు 1968 వరకు పారుతూనే ఉంది. చివరికి 1970లో, క్యాన్సరుతో మంచం పట్టిన స్థితిలో, ఆయన కోర్టు ఎదుట సాక్ష్యం చెప్పి, ఆ ఏడే కన్నుమూశారు. 1973లో తీర్పు రోగుల పక్షాన వచ్చింది.

ఆయనను తప్పుపట్టే ముందు మనల్ని మనం ప్రశ్నించుకుందాం. అన్నం పెట్టే యజమాని నోరు మూసుకోమంటే మనలో ఎందరం నోరు విప్పుతాం? హేబెలు రక్తం నేలలో నుండి మొరపెట్టిందని ఆదికాండములో చదువుతాం. మినమాటాలో బురద మొరపెట్టింది. ఆ బురదను తోడి, కప్పిపెట్టడానికి 1977 నుండి 1990 వరకు పట్టింది. ఆ చేపలు తినవచ్చని 1997లో గాని ప్రకటించలేదు.

పాదరసాన్ని అరికట్టే మినమాటా ఒడంబడిక 2013లో కుదిరింది. మన దేశం 2018లో దానిని ఆమోదించింది. అయితే ఒడంబడిక మన పెరట్లోకి వచ్చి చూడదు. పగిలిన థర్మామీటరులోని పాదరసపు గుండ్లతో పిల్లలను ఆడుకోనివ్వవద్దు. పాత ట్యూబులైట్లను, బ్యాటరీలను చెత్తలో వేసి కాల్చవద్దు, కాలువలో పారేయవద్దు. ఊరి చెరువులోకి ఏదైనా మురుగు చేరుతోందని తెలిస్తే, తెలిసినవారే ముందు చెప్పాలి.

ఏదెను తోటను కాయమని దేవుడు ఆదాముకు అప్పగించిన పని మనకూ ఉంది. మరణ పడక దాకా ఆగకుండా, ఈ రోజే నిజం పలికే ధైర్యాన్ని ప్రభువు మనకు దయచేయును గాక!