ప్రతిఫలము లేని సేవ

పోయిననాడు మోయుటకు నలుగురుండవలెనను మాట, పరభాషా ప్రాంతమున కాపురముండు మనకు వేరుగ విప్పి చెప్ప నక్కరలేదు. తరతరములుగ పలుదేశములందు చెదరియుండిన యూదులు ఈ నలుగురిని ముందుగనే సిద్ధము చేసికొనిరి. వారి సమాజములలో 'హెవ్రా కడీషా', అనగా పవిత్ర సంఘము, అనునది కలదు. ప్రాగ్ నగరములో నిట్టి సంఘము 1564లో ఏర్పడినది. 18వ శతాబ్దిలో ఆ సంఘము వ్రాయించిన చిత్రములు నేటికిని అచటి యూదు మ్యూజియములో నున్నవి. రోగిని పరామర్శించుట మొదలు సమాధి త్రవ్వుట వరకు సభ్యుల పనులన్నియు వానిలో చూడవచ్చును.

పురుషుని పురుషులును, స్త్రీని స్త్రీలును కడిగి, తెల్లని సాదా వస్త్రములు తొడుగుదురు. ధనికునకైనను పేదకైనను అవి యొక్కటే, వానికి జేబులుండవు. పని ముగియగనే మృతుని పేరు పెట్టి పిలిచి, తెలియక అగౌరవము చేసియుండినచో క్షమింపుమని వేడుకొందురు. ఈ ఘట్టము మమ్ము మిక్కిలి కదలించినది.

దీనిని వారు 'నిజమైన దయ' యందురు. చనిపోయినవాడు ఋణము తీర్చలేడు గదా! కడిగినవారెవరో ఇంటివారికి చెప్పని యాచారము కూడ పలుచోట్ల కలదు.

మా వార్షికోత్సవమునకు బల్లలు మోసిన తలిదండ్రుల పేర్లు ఈ సంచికలో ముద్రింపవలెనని మేము వ్రాసి యుంచితిమి. ఆ కాగితము ఇంకను మా మేజాపైననే యున్నది.