వేగపు కారుకు వెనుక సస్పెన్షన్ మార్పు: ఏది ముందు, ఏది వెనుక?

వి.కోట నుండి పత్తలపల్లి ఘాటు దిగి, పేర్నంబట్టు మీదుగా ఆంబూరుకో గుడియాత్తానికో చేరే దారి మన సరిహద్దు గ్రామాల వారికి కొత్తది కాదు. తోలు కర్మాగారాలలో పనికి, వేలూరు ఆసుపత్రికి, పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు తరతరాలుగా మనం నడచిన దారి అది. ఇటీవలి కాలంలో ఆ దారిలో శక్తిగల చిన్న కార్లు కూడా కనబడుతున్నవి. సెకండ్‌హ్యాండులో కొన్న పోలో జీటీలు, ఐ20 ఎన్ లైన్‌లు మన ఊళ్ళ వాకిళ్ళలోనూ నిలుస్తున్నవి. అటువంటి కారు చేతికి రాగానే యువకుల దృష్టి మొదట పోయేది వెనుక స్ప్రింగుల మీదికే. వెనుక భాగం నాలుగు వేళ్ళు క్రిందికి దిగితే పందెపు కారు వలె కనబడుతుందని వారి ఆశ.

మా ఇంటిలోనూ ఆ ముచ్చట తీరింది. మా అన్నగారి అబ్బాయి ఒక దుకాణంలో వెనుక వైపు పొట్టి, గట్టి స్ప్రింగులు వేయించాడు. షాక్ అబ్జార్బర్లు మాత్రం పాతవే ఉంచేశారు. మే నెలలో గుడియాత్తం గంగమ్మ శిరసు తిరునాళ్ళకు ఐదుగురం అదే కారులో బయలుదేరాము. రాత్రి వాన కురిసి రోడ్డు తడిగా ఉన్నది. ఘాటులో ఒక మలుపు మధ్య చిన్న గుంత తగలగానే వెనుక నుండి 'ధన్' మని శబ్దం వచ్చి, కారు తోక ఎదుటి వరుసలోకి జారింది. ఆ క్షణంలో ఎదురుగా లారీ లేకపోవటం మా అదృష్టం. వెనుక సీటులో కూర్చున్న మా వదినగారు ఆ తరువాత గుడియాత్తం చేరేవరకు నోరు విప్పలేదు.

ఏమి జరిగినదో లెక్క వేసి చూద్దాము. ఉదాహరణకు, ఒక్కొక్క వెనుక చక్రం వద్ద స్ప్రింగు మిల్లీమీటరుకు 2 కిలోల బరువు మోస్తుందనుకొందాము. మనుషులు, మూటలు కలిసి ఒక్కొక్క చక్రం మీద 70 కిలోలు అదనంగా పడితే కారు 35 మిల్లీమీటర్లు కుంగుతుంది. ఇప్పుడు 25 శాతం గట్టి స్ప్రింగు వేసి, కారును 30 మిల్లీమీటర్లు దించామనుకోండి. అదే బరువుకు కుంగేది 28 మిల్లీమీటర్లే. కాని ముందే దించిన 30 కలుపుకొంటే మొత్తం 58. అంటే స్ప్రింగు గట్టిదైనా, గుంతను మ్రింగటానికి మిగిలే చోటు మునుపటి కంటె 23 మిల్లీమీటర్లు తగ్గినది. ఆ చోటు అయిపోగానే బంప్ స్టాపర్ అనే రబ్బరు దిమ్మ తగులుతుంది. ఆ క్షణం నుండి కారుకు స్ప్రింగు లేనట్లే. బరువంతా ఒక్కసారిగా బయటి చక్రం మీద పడి, టైరు పట్టు తప్పుతుంది.

టైరు స్వభావం ఒకటి ఇక్కడ తెలుసుకోవాలి. బరువు రెట్టింపయితే పట్టు రెట్టింపు కాదు, అంతకంటె తక్కువే పెరుగుతుంది. మలుపులో బయటి చక్రం మీద బరువు ఎంత ఎక్కువగా చేరితే, ఆ జత చక్రాల మొత్తం పట్టు అంత తగ్గుతుంది. వెనుక స్ప్రింగులను గాని, ఒరుగుడును ఆపే యాంటీ రోల్ బార్‌ను గాని గట్టిపరిస్తే వెనుక జతకు ఈ నష్టం పెరిగి, ముందు జతకు తగ్గుతుంది. ముందు చక్రాలతో నడిచే కారు మలుపులో సూటిగా పోవాలని చూస్తుంది గనుక, పందెగాళ్ళు కావాలనే వెనుక భాగాన్ని గట్టిపరచి దానిని త్రిప్పుకొంటారు. చెన్నై దారిలోని ఇరుంగాట్టుకోట్టై పందెపు బాటలో ఇటువంటి కారు లోపలి వెనుక చక్రాన్ని గాలిలోకి ఎత్తి తిరిగినా ఆశ్చర్యం లేదు. అక్కడ గుంతలు లేవు, కారులో ఒక్కడే ఉంటాడు, ఎదురుగా లారీ రాదు. ఘాటు దిగేటప్పుడు బ్రేకు తొక్కితే బరువు ముందుకు పోయి వెనుక చక్రాలు అసలే తేలికపడతాయి. అక్కడ ఆ ఏర్పాటు మనకెందుకు?

పైన చెప్పిన రెండు కార్లలోనూ వెనుక ఉన్నది టార్షన్ బీమ్. రెండు చక్రాల చేతులను కలుపుతూ మెలితిరిగే ఒక ఉక్కు దూలమిది. ఆ మెలికే కొంతవరకు యాంటీ రోల్ బార్ పని చేస్తుంది. దానికి అదనపు బార్ బిగించటం సులభమే గాని, చక్రాల వాలు సరిచేసే మరలు దీనికి సాధారణంగా ఉండవు. 2017లో మన దేశానికి వచ్చిన ఆక్టేవియా ఆర్ఎస్‌లో వలె అనేక లింకులు గల వెనుక అమరిక అయితే ఆ సర్దుబాటుకు వీలుంటుంది.

కాబట్టి డబ్బు పెట్టదలచినవారు ముందు టైర్లు చూడండి. తరువాత దూలం బిగించిన బుష్‌లు. అవి అరిగితే మలుపులో దూలమే ప్రక్కకు కదిలి, వెనుక చక్రాలు తమంతట తాము తిరిగినట్లవుతుంది. చెప్పు పైభాగం ఎంత మంచి తోలైనా మడమ వదులైతే నడక నిలువదని ఆంబూరు వారికి నేను చెప్పనవసరం లేదు. ఆపైన షాక్ అబ్జార్బర్లు, ఎల్లప్పుడూ జతగానే. నూనె చెమ్మ కనబడినా, టైరు అక్కడక్కడ గుంటలుగా అరిగినా అవి అయిపోయినవని అర్థం. ఇంతటితోనే చాలా కార్లు కొత్తవాటి వలె నిలబడతాయి.

అప్పటికీ తృప్తి లేకుంటే, ఎత్తు తగ్గించకుండా కొంచెమే గట్టి స్ప్రింగులు, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లతో కలిపి. స్ప్రింగు 25 శాతం గట్టిదైతే షాక్ అబ్జార్బర్ అదుపు సుమారు 12 శాతం పెరగాలి. లేకుంటే గుంత దాటిన తరువాత కూడా ఊగుతూనే ఉంటుంది. వెనుక బార్ అన్నిటికంటె చివరిది. స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే రబ్బరు దిమ్మలను నేను మెచ్చను. అవి కారును ఎత్తినట్లు కనబడినా, ఆ చుట్లను కదలనీయక మిగిలిన చుట్ల మీద భారం వేస్తాయి. కొన్ని పాత కార్లలో వెనుక ఎత్తును బట్టి బ్రేకు ఒత్తిడిని మార్చే వాల్వు ఉంటుంది. అటువంటి కారును దించితే, బరువు ఎక్కినదని ఆ వాల్వు భ్రమపడి, ఖాళీ కారులోనే వెనుక బ్రేకు ఎక్కువ పట్టిస్తుంది.

చట్టం మాట కూడా ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా సమర్థించింది. అదే ఏటి సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చును. సరిహద్దుకు ఇటైనా అటైనా చట్టం ఒక్కటే. అరిగిన భాగానికి బదులు అదే కొలత భాగం వేయటానికి ఏ అడ్డూ లేదు. అంతకు మించిన మార్పు చేయదలిస్తే ముందు ఆర్టీవో కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ఏ మార్పు చేసినా ఒక పరీక్ష చేయండి. షాక్ అబ్జార్బర్ కడ్డీ బయటికి కనబడే కారైతే, దానికి ఒక సన్నని నైలాన్ పట్టీ వదులుకాకుండా చుట్టండి. వెనుక సీటులోను, డిక్కీలోను కలిపి 25 కిలోల బియ్యం బస్తాలు ఆరు ఉంచి, ఊరి గుంతల రోడ్డు మీద నెమ్మదిగా తిరిగి రండి. పట్టీ ఎక్కడికి జరిగినదో చూస్తే స్ప్రింగు ఎంతవరకు నలిగినదో తెలుస్తుంది. పట్టీ బంప్ స్టాపర్ దాకా పోయి ఉంటే, ఆ స్ప్రింగులు విప్పించి పాతవే వేయించండి. మా అబ్బాయి తిరునాళ్ళ మరునాడు చేసినది అదే.