ఇంట్లో కట్టిన విమానానికి లాగ్‌బుక్ ఎందుకు?

అమెరికాలో కొందరు గ్యారేజీలోనే విమానం కట్టుకుంటారు. కిట్ కొని, రివెట్లు కొట్టి, ఇంజన్ బిగించి, తామే నడుపుతారు. దానికి లాగ్‌బుక్, అంటే చేసిన పనులన్నీ రాసిపెట్టే పుస్తకం, తప్పనిసరి.

ఫ్యాక్టరీ విమానాలకు కంపెనీ మాన్యువల్ ఉంటుంది. ఇంట్లో కట్టినది దేనికదే వేరు. ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో కట్టినాయనకే తెలుసు. నాలుగేళ్ల తర్వాత ఆయనకూ గుర్తుండదు.

ఇంధనం సంగతే చూడండి. ట్యాంకులోని సెన్సార్ లీటర్లు చెప్పదు, ఒక విద్యుత్ సంకేతం పంపుతుంది, అంతే. రెక్కలో ఉండే ట్యాంకు ఆకారం సమంగా ఉండదు కాబట్టి సంకేతం సగమైతే ఇంధనం సగమని కాదు. అందుకే ఖాళీ ట్యాంకులో కొంచెం కొంచెంగా ఇంధనం పోస్తూ, పోసిన ప్రతిసారీ సంకేతం విలువ రాసుకుంటారు. ఆ పట్టికనే కాక్‌పిట్ తెరకు నేర్పుతారు. తెర పాడై కొత్తది పెడితే? అంకెలు పుస్తకంలో ఉంటే మళ్లీ ఎక్కించవచ్చు. లేకపోతే మొత్తం పని మొదటికొస్తుంది. తప్పు అంకెలు ఎక్కిస్తే ఇంకా ప్రమాదం: తెర మీద ఇంధనం ఉంటుంది, ట్యాంకులో ఉండదు.

లాగ్‌బుక్‌లో ప్రతిసారీ తేదీ, ఇంజన్ తిరిగిన గంటలు, చేసిన పని, సంతకం రాయాలి. నూనె మార్చినప్పుడు ఫిల్టర్ కోసి లోహపు రజను ఉందేమో చూస్తారు. పాత నమోదు ఉంటేనే ఆ రజను పెరుగుతోందో లేదో తెలుస్తుంది. 12 నెలలకోసారి పూర్తి తనిఖీ ఉంటుంది.

మీరు డ్రోన్ చేస్తున్నారా? ఈ అలవాటు దానికీ పనికొస్తుంది: సెట్టింగ్ మార్చేముందు పాత విలువ రాసుకోండి.